ఇర్వింగా, ప్లేనోనా, ఫ్రిస్కోనా? డాలస్ శివార్లలో మన చుట్టూ ఎవరుంటారు

డాలస్ చుట్టుపక్కల ఇల్లు వెతికే తెలుగు కుటుంబం ఏదో ఒక ఇంటి గుమ్మంలో రియల్టర్‌ని తప్పకుండా అడిగే మాట ఒకటుంది: “ఈ వీధిలో మనవాళ్ళు ఎంతమంది ఉంటారండీ?” రియల్టర్ తెలుగువాడే అయినా సరే, అక్కడ మాట దాటేస్తాడు. ప్రాపర్టీ ట్యాక్స్ చెబుతాడు, హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఫీజు చెబుతాడు, స్కూలు పేరు చెబుతాడు, ఇదొక్కటి చెప్పడు. అందులో అతని తప్పేమీ లేదు. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో తేడా చూపకూడదని 1968లో అమెరికా ఫెయిర్ హౌసింగ్ చట్టం చేసింది. అంతకుముందు నల్లవాళ్ళని ఒక పేటకీ, తెల్లవాళ్ళని ఇంకో పేటకీ మళ్ళించడం ఏజెంట్లకు మామూలు పని. ఆ అన్యాయాన్ని ఆపడానికి పెట్టిన కట్టుబాటు ఇది. “ఇక్కడ ఇండియన్లు ఎక్కువ, మీకు బాగుంటుంది” అన్నా అది మళ్ళించడం కిందికే వస్తుంది.

కాబట్టి ఆ లెక్క మనమే చూసుకోవాలి. సెన్సస్ అంకెలు అందరికీ ఉచితంగా దొరుకుతాయి. చిక్కల్లా మనవాళ్ళు వాటిని చదివే తీరులో ఉంది. “ఫ్రిస్కోలో ఆసియన్లు ఇంత శాతం, ఇర్వింగ్‌లో అంత శాతం” అని ఒక్క అంకె పట్టుకుని ఊరు తేల్చేస్తారు. ఊరు మొత్తం మీద లెక్కగట్టిన శాతంలో ఎవరూ కాపురం ఉండరు. మీ పిల్ల కూర్చునే క్లాసులో ఎవరుంటారు, మీ అమ్మ సాయంత్రం నడిచే దారిలో ఎవరు ఎదురవుతారు అన్నవే రోజూ అనుభవానికొచ్చేవి. ఒకే ఊళ్ళో ఈ చివరికీ ఆ చివరికీ ఆ రెండూ పూర్తిగా మారిపోతాయి.

ముందు పైపై లెక్క

2020 జనగణనలో ప్లేనో జనాభా 2,85,494. ఇర్వింగ్‌ది 2,56,684. ఫ్రిస్కోది 2,00,509. మూడూ దాదాపు ఒక స్థాయి ఊళ్ళే. లోపలి కూర్పు మాత్రం వేర్వేరు.

ఇర్వింగ్‌లో పెద్ద వర్గం హిస్పానిక్‌లు, నూటికి 40 దగ్గర. ఆసియన్లు, హిస్పానిక్ కాని తెల్లవాళ్ళు ఒక్కొక్కరు ఐదో వంతు పైచిలుకు, నల్లవాళ్ళు 13 శాతం దాకా. ప్లేనోలో హిస్పానిక్ కాని తెల్లవాళ్ళు సగానికి కాస్త తక్కువ, ఆసియన్లు నాలుగో వంతుకు కాస్త తక్కువ, హిస్పానిక్‌లు 16 శాతం చుట్టూ, నల్లవాళ్ళు 9 దగ్గర. ఫ్రిస్కోలో తెల్లవాళ్ళు ఇంచుమించు సగం, ఆసియన్లు 26 శాతం, హిస్పానిక్‌లు 11, 12 శాతం, నల్లవాళ్ళు 9 దగ్గర.

ఫ్రిస్కో అంకెలు చూసేటప్పుడు వేగం కూడా చూడాలి. 2010లో అక్కడ ఆసియన్లు నూటికి పదిమంది. పదేళ్ళలో 26 అయ్యారు. ఆ పదేళ్ళలోనే ఊరి జనాభా 1,16,989 నుంచి రెండు లక్షలు దాటింది. అంటే పాతవాళ్ళు వెళ్ళిపోయి మనం రాలేదు. ఖాళీ నేల మీద కొత్తగా లేచిన ఇళ్ళలోకి మనం వచ్చాం. 1990లో ఫ్రిస్కో ఆరు వేల చిల్లర జనంతో రైలు కట్ట పక్కన ఉన్న చిన్న ఊరు. ఎవరైనా “మీరొచ్చి మా ఊరిని మార్చేశారు” అంటే, మారింది నిజమే గానీ ఎవరి ఇల్లూ లాక్కుని రాలేదని ధైర్యంగా చెప్పవచ్చు.

ఇక్కడొక హెచ్చరిక. సెన్సస్‌లో హిస్పానిక్ అవునా కాదా అన్నది ఒక ప్రశ్న, జాతి ఏమిటన్నది మరో ప్రశ్న. హిస్పానిక్ మనిషి తెల్లవాడుగానీ నల్లవాడుగానీ ఇంకేదైనాగానీ కావచ్చు. అందుకే కొన్ని పట్టికల్లో శాతాలన్నీ కూడితే వంద దాటుతుంది. పైగా 2020లో జవాబుల్ని వర్గాలుగా విడగొట్టే పద్ధతి మార్చారు. దేశం మొత్తం మీద ఒకటికి మించిన జాతులు రాసుకున్నవాళ్ళ సంఖ్య పదేళ్ళలో 90 లక్షల నుంచి 3 కోట్ల 38 లక్షలకు ఎగబాకింది. అందులో చాలా భాగం పద్ధతి మారడం వల్ల వచ్చిందే. అందుకని 2010, 2020 పోల్చేటప్పుడు “తెల్లవారు” అన్న వరస వదిలేసి “హిస్పానిక్ కాని తెల్లవారు” అన్న వరసే చూడండి. లేకపోతే ఇర్వింగ్ లాంటి ఊళ్ళో పదేళ్ళలో తెల్లవాళ్ళంతా మాయమైపోయారనిపిస్తుంది. 2024 మార్చిలో ఈ రెండు ప్రశ్నలనీ ఒకటి చేయాలని ఫెడరల్ ప్రభుత్వం ప్రమాణం మార్చింది గనక, ముందు ముందు ఈ గందరగోళం కొంత తగ్గవచ్చు.

ఆసియన్ అన్న గడిలో ఎవరు?

మనకు అసలు కావలసింది ఇదే. ప్లేనోలో 23, ఇర్వింగ్‌లో 22 అంటే రెండూ ఒకటే అనిపిస్తుంది. కాదు. ప్లేనో ఆసియన్లలో చైనీస్ కుటుంబాల పాలు గట్టిది. పక్కనే రిచర్డ్‌సన్ టెలికాం కంపెనీలు వెలిగిన రోజుల నుంచీ స్థిరపడినవాళ్ళు వాళ్ళు, వాళ్ళ పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. వియత్నామీలు, కొరియన్లు కూడా కనిపిస్తారు. ఇర్వింగ్‌లో, ఫ్రిస్కోలో ఆసియన్ అంటే ముఖ్యంగా భారతీయులే. ఇర్వింగ్‌లో వాళ్ళకు తోడు నేపాలీలు కూడా గణనీయంగా ఉన్నారు.

భారతీయులకు సెన్సస్‌లో సొంత గడి రావడమే ఒక కథ. 1970 లెక్కల్లో మనవాళ్ళని తెల్లవాళ్ళ కింద కలిపేశారు. ఇక్కడి భారతీయ సంఘాలు పట్టుబట్టాక 1980లో “ఏషియన్ ఇండియన్” అన్న గడి వచ్చింది. ఆ గడి లేకపోతే ఈ పోలిక రాయడమే కుదిరేది కాదు. 2020 వివరాలు 2023 సెప్టెంబరులో విడుదలైనప్పుడు, ఒకే ఆసియా మూలం రాసుకున్నవాళ్ళలో భారతీయులే దేశంలో అన్నిటికన్నా పెద్ద వర్గమని తేలింది: సుమారు 44 లక్షలు. ఆ వివరమైన పట్టికలో సెన్సస్ ట్రాక్ట్ వరకూ, అంటే కొన్ని వేల మంది ఉండే చిన్న తునక వరకూ దిగవచ్చు. ఇల్లు చూస్తున్నవాళ్ళు ఊరి అంకె వదిలేసి ఈ తునక అంకె పట్టుకోవాలి.

మరి అందులో తెలుగువాళ్ళెంత? దానికీ ఒక దారి ఉంది. ఊరి స్థాయిలో ఇంట్లో మాట్లాడే భాషల గురించి దొరికే క్లుప్తమైన పట్టికలో హిందీ, గుజరాతీ, పంజాబీ “ఇతర ఇండో యూరోపియన్ భాషలు” అన్న వరసలో పడతాయి. తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం “ఇతర ఆసియా, పసిఫిక్ దీవుల భాషలు” అన్న వరసలోకి పోతాయి. చైనీస్, కొరియన్, వియత్నామీ, టాగలాగ్‌లకు వేరే వరసలున్నాయి. అందువల్ల భారతీయులు ఎక్కువున్న శివారులో ఆ “ఇతర ఆసియా” వరస బరువుగా కనిపిస్తే, అది చాలావరకు మన దక్షిణాది ఇళ్ళేనని అనుకోవచ్చు. తెలుగుకు విడిగా గడి ఉన్న పెద్ద పట్టిక కూడా ఉంది, కానీ దాన్ని కౌంటీ లాంటి పెద్ద ప్రాంతాలకే నమ్మకంగా వాడగలం.

ఇర్వింగ్: ఒకే పేరుతో రెండు ఊళ్ళు

సెన్సస్ వాళ్ళు వైవిధ్య సూచిక అని ఒకటి లెక్కగడతారు. ఒక ప్రాంతంలో ఎవరో ఇద్దర్ని తీసుకుంటే వాళ్ళిద్దరూ వేర్వేరు వర్గాల వాళ్ళయ్యే అవకాశం ఎంత అని. 2020లో దేశానికి అది 61.1 శాతం. పై శాతాలతో అదే లెక్క వేస్తే ప్లేనో, ఫ్రిస్కో 60ల పై అంచులో నిలుస్తాయి, ఇర్వింగ్ 70 దాటుతుంది. కాగితం మీద మూడింటిలో ఇర్వింగే ఎక్కువ కలగలుపు ఊరు.

ఇప్పుడు కారెక్కి మెకార్థర్ బులెవార్డ్ మీద దక్షిణం నుంచి ఉత్తరానికి రండి. కింది భాగంలో పాత ఇర్వింగ్, స్పానిష్ బోర్డులు, కారు రిపేరు షాపులు, చిన్న చర్చిలు. లాస్ కొలినాస్ దాటేసరికి ఆఫీసు అద్దాల మేడలు, వాటి వెనకాల వరసగా అపార్ట్‌మెంట్లు. ఇంకా పైకి వస్తే ఇండియన్ హోటళ్ళు, కిరాణా కొట్లు, పూజ సామాను, చాట్ బళ్ళు. అక్కడి వ్యాలీ రాంచ్ పేటలో కాలవల పక్క నడక దారుల్లో సాయంత్రం పూట చీర మీద స్వెట్టర్, కాళ్ళకు స్పోర్ట్స్ షూతో అమ్మమ్మలూ నాయనమ్మలూ గుంపుగా నడుస్తూ కనిపిస్తారు. “మీదే ఊరమ్మా?” అంటే ఒకావిడ తెనాలి అంటుంది, పక్కావిడ కరీంనగర్ అంటుంది. ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి, పగలంతా నాలుగు గోడల మధ్య ఉండే పెద్దవాళ్ళకు ఈ గంట ఎంత విలువైనదో వాళ్ళని చూస్తే తెలుస్తుంది. ప్లేనోలో, ఫ్రిస్కోలో కూడా నడిచే పెద్దవాళ్ళున్నారు. కానీ గేటు దాటగానే పదిమంది తోడు దొరికే పరిస్థితి అపార్ట్‌మెంట్లు ఒత్తుగా ఉన్న ఉత్తర ఇర్వింగ్‌లోనే ఎక్కువ.

స్కూళ్ళ దగ్గర ఈ రెండు ఊళ్ళ తేడా పూర్తిగా బయటపడుతుంది. ఇర్వింగ్ నగరం ముఖ్యంగా మూడు స్కూల్ డిస్ట్రిక్టుల (ఐఎస్‌డీల) మధ్య పంచుకుని ఉంది. దక్షిణం, మధ్య భాగం ఇర్వింగ్ ఐఎస్‌డీ. అక్కడ పిల్లల్లో అత్యధికులు హిస్పానిక్‌లు. వ్యాలీ రాంచ్ వైపు చాలా భాగం కొప్పెల్ ఐఎస్‌డీ. అక్కడ సగానికి పైగా ఆసియన్ పిల్లలే. మధ్యలో కొంత క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీ, రాంచ్‌వ్యూ హైస్కూలు దానిదే. అక్కడ అన్ని వర్గాల పిల్లలూ కాస్త కాస్త ఉంటారు. అంటే ఊరికి “70 దాటిన వైవిధ్యం” ఉన్నా, పిల్లలు ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం ఆ మేరకు జరగడం లేదు. అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకునేటప్పుడు ఒకే రోడ్డుకు ఇటూ అటూ డిస్ట్రిక్ట్ మారిపోతుంది. లీజు మీద సంతకం పెట్టే ముందు కాంప్లెక్స్ పేరుతో కాకుండా పూర్తి అడ్రసుతో డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో సరిచూసుకోండి. కాంప్లెక్స్ ఆఫీసులో చెప్పిన మాట మీద ఆధారపడవద్దు.

ఇంకో మాట. ఇర్వింగ్‌లో సొంత ఇళ్ళలో ఉండేవాళ్ళకన్నా అద్దెకుండేవాళ్ళే ఎక్కువ. దానికి తగ్గట్టే మనవాళ్ళలో కూడా కొత్తగా వచ్చినవాళ్ళు, చిన్న పిల్లలున్నవాళ్ళు, వీసా మీద ప్రాజెక్టులు మారేవాళ్ళు ఎక్కువ. పిల్లకు దొరికిన ప్రాణస్నేహితురాలు రెండేళ్ళకే ఫ్రిస్కో వెళ్ళిపోవడం ఇక్కడ మామూలే. సొంత కారు ఇంకా లేని జంటకు, ఆరెంజ్ లైన్ రైలు ఎక్కి డాలస్‌కు వెళ్ళాల్సినవాళ్ళకు మాత్రం ఇంతకంటే అనువైన ఊరు ఈ చుట్టుపక్కల లేదు. ఫ్రిస్కోకు ఇప్పటికీ డార్ట్ (డాలస్ ప్రాంతపు ప్రజా రవాణా సంస్థ) రైలు లేదు.

ప్లేనో: నెమ్మదిగా కలిసిన ఊరు

మూడింటిలో నాకు ఎక్కువ నచ్చేది ప్లేనో. మనవాళ్ళు దాన్ని “పాత ఊరు” అని త్వరగా దాటేయడం బాధగా ఉంటుంది. 1970లో అది 18 వేల లోపు జనం ఉన్న ఊరు. 2000కి రెండు లక్షల ఇరవై వేలు దాటింది. ఆ తర్వాత పెరుగుదల నెమ్మదించింది. అప్పట్లో పదిమందిలో ఏడుగురు తెల్లవాళ్ళు. ఇప్పుడు ఏ ఒక్క వర్గానికీ సగం లేదు. ఈ మార్పు రెండు దశాబ్దాల పాటు ఇల్లు ఇల్లుగా జరిగింది. అందుకే ఒక వీధిలో ముప్ఫై ఏళ్ళ నాటి తెల్ల ముసలి దంపతులు, వాళ్ళ పక్కన చైనీస్ కుటుంబం, ఎదురుగా గుజరాతీలు, మూల మీద మనవాళ్ళు ఉండడం ఇక్కడ తరచూ కనిపిస్తుంది.

తూర్పు, పడమర తేడాలు లేకపోలేదు. డౌన్‌టౌన్ పక్కనున్న డగ్లస్ పేట బానిసత్వం పోయాక నల్లవాళ్ళు కట్టుకున్న పాత పేట. దాని చుట్టుపక్కల తూర్పు భాగంలో హిస్పానిక్ కుటుంబాలు ఎక్కువ. పడమట ఇళ్ళ ధరలు ఎక్కువ, ఆసియన్ల పాలూ ఎక్కువే. కానీ ప్లేనో ఐఎస్‌డీ పద్ధతి వల్ల పై తరగతులకొచ్చేసరికి పిల్లలు కలుస్తారు. తొమ్మిది, పది తరగతులకు ఒక హైస్కూలు, పదకొండు, పన్నెండుకు పెద్ద సీనియర్ హైస్కూలు. ప్లేనో, ప్లేనో ఈస్ట్, ప్లేనో వెస్ట్ అని మూడే. చాలా పేటల పిల్లలు ఆ మూడింటిలోకే చేరతారు. పెద్ద స్కూలంటే భయపడే పిల్లకు ఇది కష్టం కావచ్చు. రకరకాల మనుషుల మధ్య పెరగాలని కోరుకునేవాళ్ళకు మాత్రం ఇది మంచి అవకాశం. ఊరి ఉత్తరపు కొసలో కొంత భాగం ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి వెళ్తుందని కూడా గుర్తుంచుకోండి.

జనాభా కలిసిందంటే మనసులు కూడా అంతా కలిశాయని కాదు. 2022 ఆగస్టులో ప్లేనోలో ఒక రెస్టారెంటు పార్కింగులో నలుగురు భారతీయ మహిళల మీద ఒకామె జాతి దూషణలు చేస్తూ చెయ్యి కూడా చేసుకుంది. పోలీసులు అరెస్టు చేశారు. ఆ ఒక్క సంఘటనతో ఊరిని తీసిపారేయడం న్యాయం కాదు. అలాగని శాతాలు చూసి “ఇక్కడ అలాంటివి జరగవు” అనుకోవడమూ కుదరదు. ఏ పట్టికా ఇరుగుపొరుగు మంచితనాన్ని కొలవదు.

ఫ్రిస్కో: మనవాళ్ళే మనవాళ్ళు

ఫ్రిస్కోలో కుటుంబాల్లో మూడింట రెండు వంతులు సొంత ఇళ్ళలో ఉంటాయి. గ్రీన్ కార్డు వచ్చినా రాకపోయినా, పదేళ్ళ నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు స్కూళ్ళ కోసం చేరిన ఊరిది. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఇక్కడే ఉంది. శనివారం పొద్దున అక్కడ నిలబడితే సగం తెలుగు రాష్ట్రాల యాసలు చెవిన పడతాయి.

2020 లెక్కల్లో ఊరి మొత్తం మీద ఆసియన్లు నాలుగో వంతే అయినా ఫ్రిస్కో ఐఎస్‌డీ బళ్ళలో ఇప్పుడు ఆసియన్ పిల్లలదే అన్నిటికన్నా పెద్ద వర్గం. కారణం సులువే. పిల్లలున్న వయసులో మనవాళ్ళు వస్తారు, పిల్లలు పెద్దయిన తెల్లవాళ్ళు అదే ఊళ్ళో ఉండిపోతారు. ఊరి శాతం అందరి వయసులనూ కలిపి చెబుతుంది, స్కూలు శాతం పిల్లలది మాత్రమే చెబుతుంది. తూర్పు ఫ్రిస్కోలో కోయిట్ రోడ్డు, ఇండిపెండెన్స్ పార్క్‌వే చుట్టుపక్కల ఇది మరీ ఎక్కువ. ఈ డిస్ట్రిక్ట్ హైస్కూళ్ళను చిన్నవిగా, ఎక్కువ సంఖ్యలో కట్టింది. దానివల్ల పిల్లలకు బృందాల్లో, ఆటల్లో చోటు దొరుకుతుంది. అదే కారణంగా ఒక పేటలో ఎవరుంటే ఆ స్కూల్లో వాళ్ళే ఉంటారు.

ఇందులో లాభం నిజమైనది. పిల్లవాడు డబ్బాలో పులిహోర తీసుకెళ్తే ఎవరూ ముఖం చిట్లించరు. పేరు సరిగ్గా పలికే టీచర్లుంటారు. తెలుగు నేర్పే మనబడి క్లాసు పది నిమిషాల దూరంలో ఉంటుంది. నష్టం కూడా నిజమైనదే. స్నేహితులందరి తల్లిదండ్రులూ ఒకే ఉద్యోగాలు చేస్తారు, ఒకే కోచింగుకు పంపుతారు, ఒకరి మార్కులు ఇంకొకరి ఇంట్లో చర్చకు వస్తాయి. టెన్త్, ఇంటర్ రోజుల్లో మనం పడ్డ ఒత్తిడినే ఏడు సముద్రాలు దాటొచ్చి పిల్లల మీద పెడుతున్నామా అని నాకు నిజంగా దిగులు. ఫ్రిస్కోయే కావాలనుకుంటే పడమటి వైపు, డెంటన్ కౌంటీ భాగంలోని పేటలు కూడా చూడండి. అక్కడ కూర్పు కొంచెం వేరుగా ఉంటుంది. కొన్ని పేటలు లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల్లోకి వస్తాయి. ఉత్తరపు అంచు ప్రాస్పర్ ఐఎస్‌డీ.

మెకిన్నీ, సెలీనా

ఈ మూడూ కాక, ఇంకా ఉత్తరాన ఉన్న రెండు ఊళ్ళ మాట. మెకిన్నీలో తెల్లవాళ్ళ పాలు ఇంకా సగానికి పైనే. అక్కడ 75 హైవే గీత లాంటిది: తూర్పున నల్లవాళ్ళు, హిస్పానిక్‌లు, పడమట తెల్లవాళ్ళు, కొత్తగా మనవాళ్ళు. సబ్సిడీ ఇళ్ళను పడమటికి రానివ్వడం లేదని 2008లో ఒక పౌర హక్కుల సంస్థ నగరం మీద కేసు కూడా వేసింది. సెలీనాకు 2020 అంకెలు చూడడం దండగ. అప్పుడు 16,739 మంది. 2023కి దేశంలోనే అతి వేగంగా పెరుగుతున్న నగరమైంది. అక్కడ కొనేవాళ్ళు లెక్కలు పక్కన పెట్టి, దగ్గర్లోని ప్రైమరీ స్కూలు బస్సు దిగే పిల్లల్ని చూడడమే నయం.

ఎవరికి ఏది

ఈ మధ్యనే వచ్చి, పిల్లలు లేని లేక బడి వయసు రాని జంటలు ఉత్తర ఇర్వింగ్‌లో అద్దెకుండండి. అమ్మానాన్నలు ఆరు నెలలకోసారి వస్తూ పోతూ ఉంటే అది ఇంకా మంచిది. కొనాలన్న తొందర పెట్టుకోకండి. ఏ వర్గం మధ్య మీకు ఊపిరాడుతుందో ఏడాది గడిస్తేనే తెలుస్తుంది.

పిల్లలు ప్రైమరీలో ఉండి, సొంత ఇల్లు కావాలనుకుంటే ముందు ప్లేనో చూడండి. ఇల్లు పాతదైతే వంటగది మార్చుకోవచ్చు, చుట్టూ ఉండే మనుషుల కూర్పును మార్చుకోలేం. పిల్ల మిడిల్ స్కూల్లో ఇండియా నుంచి వచ్చి, ఇంగ్లీషు యాసకే బెదిరిపోతుంటే మాత్రం ఆలోచించకుండా ఫ్రిస్కో లేదా కొప్పెల్ డిస్ట్రిక్ట్ ఎంచుకోండి. ఆ వయసులో భయం పోవడమే అన్నిటికన్నా ముఖ్యం, మిగతా ప్రపంచాన్ని కాలేజీలో చూస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లకు ఆ రక్షణ అవసరం లేదు. క్లాసులో హిస్పానిక్, నల్ల, తెల్ల, చైనీస్ పిల్లలు కాస్త సమానంగా ఉన్న స్కూలు దొరికితే, రేటింగు ఒక మెట్టు తక్కువైనా, నేనైతే అదే తీసుకోమంటాను.

ఇల్లు నచ్చాక చేయాల్సినవి రెండు పనులు. టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ప్రతి స్కూలుకీ ఏటా టీఏపీఆర్ అనే నివేదిక వేస్తుంది. అందులో ఆ స్కూలు పిల్లల జాతుల వారీ శాతాలుంటాయి. మీ అడ్రసుకు వచ్చే ప్రైమరీ, మిడిల్, హైస్కూలు మూడింటివీ తీసి, ఐదేళ్ళ కిందటి దానితో పక్కపక్కన పెట్టి చూడండి. ఎటు మారుతోందో కనిపిస్తుంది. రెండోది, పనిదినం మధ్యాహ్నం బడి వదిలే వేళకు ఆ స్కూలు ముందు కారు ఆపి ఒక అరగంట ఉండండి. ఆదివారం ఓపెన్ హౌస్‌కు వెళ్ళి వీధి చూస్తే గరాజ్ తలుపులే కనిపిస్తాయి. బడి వదిలినప్పుడు ఎవరు ఎవరితో కలిసి బయటికొస్తున్నారో, ఎవరి తాత ఎవరితో మాట్లాడుతున్నాడో చూసి, ఆ తర్వాతే ఆఫర్ పెట్టండి.